వాహన బీమా ప్రీమియం నిర్ణయంలో న్యాయం: గూడూరు నేపథ్యంగా ఒక పరిశీలన

గూడూరు పట్టణం నెల్లూరుకు దక్షిణాన, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉంది. వైద్యానికీ, నిమ్మకాయల వ్యాపారానికీ ఇక్కడి కార్లు తరచుగా చెన్నై వెళ్ళివస్తాయి. బీమా లెక్కలో మాత్రం గూడూరు కారు వేరు, చెన్నై కారు వేరు. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ చెన్నై, హైదరాబాదు సహా ఎనిమిది మహానగరాలను ‘ఎ’ జోన్‌గా, తక్కిన దేశాన్ని ‘బి’ జోన్‌గా విభజించింది. కారు తిరిగే చోటు కాక, రిజిస్టరైన చోటే ఇందుకు ప్రమాణం. ఐదేళ్ళు దాటని, 1000 సి.సి. మించని కారుకు సొంత నష్టం ప్రీమియం ‘ఎ’ జోన్‌లో ప్రకటిత విలువపై 3.127 శాతం, ‘బి’లో 3.039 శాతం. ఐదు లక్షల కారుకు తేడా 440 రూపాయలే. అయినా వారం వారం చెన్నై రద్దీలో తిరిగే గూడూరు కారుకు ఆ తగ్గింపు దక్కడం, చెన్నైలో ఇంటి ముందే నిలిచి ఉండే కారుకు దక్కకపోవడం సూత్రలోపమే.

2007 జనవరి 1న సొంత నష్టం ధరలపై నియంత్రణ తొలగింది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా ధరను మాత్రం నేటికీ ప్రభుత్వ వ్యవస్థే నిర్ణయిస్తోంది. కొనక తప్పని వస్తువు ధరను విక్రేతకే వదిలివేయకపోవడం సమంజసం. చిక్కల్లా ఆ ధరకు ఎంచుకున్న కొలబద్దతోనే.

2022 జూన్ 1 నుండి అమలైన పట్టిక ప్రకారం 1000 సి.సి. మించని సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సి.సి. వరకు 3,416, ఆపైన 7,897. పాత బొలెరోలలో 2,523 సి.సి. డీజిల్ ఇంజను ఉండేది. పల్లె దారుల్లో తిరిగే ఆ బండి యజమాని 7,897 కట్టాలి. 998 సి.సి. టర్బో ఇంజనున్న హ్యుందాయ్ వెన్యూకు 2,094 చాలు. వేగంలో రెండవదే మిన్న. పాతబండి కనుక తగ్గించాలనడం సరికాదు. థర్డ్ పార్టీ బీమా చూడవలసింది బండి విలువను కాదు, ఎదుటివారికి కలగగల నష్టాన్ని. బరువైన బండి ఢీకొంటే నష్టం ఎక్కువన్నదీ నిజమే. అయితే ఇంజను పరిమాణం ఒకప్పుడు బరువుకూ, వేగానికీ గుర్తుగా పనికివచ్చింది; చిన్న టర్బో ఇంజన్లు వచ్చాక ఆ గుర్తు చెరిగిపోతోంది.

నడిపేవారి జాగ్రత్త ఈ పట్టికలో ఎక్కడా లేదు. ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్ళకు 50 శాతానికి చేరే నో క్లెయిమ్ బోనస్ సొంత నష్టానికే వర్తిస్తుంది. నిజానికి అది ఇచ్చే బహుమతి జాగ్రత్తగా నడిపినందుకు కాదు, క్లెయిమ్ చేయనందుకు. చిన్న సొట్టలను సొంత ఖర్చుతో బాగుచేయించుకునేవారికి ఈ సంగతి బాగా తెలుసు. కాలిఫోర్నియా ఓటర్లు 1988లో ఆమోదించిన 103వ ప్రతిపాదన డ్రైవింగ్ చరిత్రకు మొదటి స్థానం, ఏటా తిరిగే దూరానికి రెండవ స్థానం, అనుభవానికి మూడవ స్థానం ఇచ్చింది. మన దేశంలో 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. తిరిగిన దూరాన్నీ, నడిపే తీరునూ లెక్కలోకి తీసుకునే పాలసీలను అనుమతించినా, అవి సొంత నష్టానికే పరిమితం.

నడిపే తీరును కొలిచే పద్ధతి థర్డ్ పార్టీకీ విస్తరిస్తే న్యాయం పూర్తవుతుందా అన్నది వేరే ప్రశ్న. రాత్రి ప్రయాణాన్ని ప్రమాద సూచికగా లెక్కిస్తే, గూడూరు నుండి కృష్ణపట్నం ఓడరేవుకు రాత్రి విధులకు వెళ్ళే ఉద్యోగి ఎంత నిదానంగా నడిపినా ఎక్కువే కట్టవలసి వస్తుంది. ఆ వేళను ఎంచుకున్నది అతడు కాదు, అతని షిఫ్టు.