తెరమీద కథ, కథ క్రింద అక్షరం

తెరపై కథ సాగుతూ ఉంటుంది. బొమ్మ క్రింద, కథకుడు పలుకుతున్న వాక్యమే, పలుకుతున్న భాషలోనే, అక్షరాలై కనిపిస్తుంది. ఒక్కొక్క పదం పలికిన క్షణాననే రంగు మారుతుంది. చూచే పిల్లవాడు చదువుకోవాలని కూర్చోలేదు. ఏనుగుకు ఏమైందో తెలుసుకోవాలని కూర్చున్నాడు. అయినా వాని కన్ను అక్షరాల వెంట పోక మానదు.

పుదుచ్చేరి కేంద్రంగా పనిచేసే ‘బుక్‌బాక్స్’ సంస్థ తయారుచేసే ‘యానీబుక్స్’ అనే కథాచిత్రాల పద్ధతి ఇది. వాటి వెనుక ఉన్న ఆలోచన మాత్రం పిల్లలను చూచి పుట్టినది కాదు. 1996లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన బ్రిజ్ కొఠారీ మిత్రులతో కలిసి ఒక స్పానిష్ చలనచిత్రం చూస్తున్నారు. ఆయన అప్పుడు స్పానిష్ నేర్చుకుంటున్నారు. తెర అడుగున ఇంగ్లీషు అనువాదానికి బదులు స్పానిష్ మాటలనే వేసి ఉంటే ఎంత బాగుండునని తోచింది. ఆ వెంటనే మనసు స్వదేశానికి మళ్ళింది: హిందీ పాట క్రింద హిందీలోనే ఆ పాట చూపిస్తే, అక్షరాలు సగం మరచిన కోట్లాది జనం మళ్ళీ చదువరులు కారా?

అహమ్మదాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో ఆయన ఈ ఆలోచనకు రూపమిచ్చారు. 1999లో గుజరాతీ దూరదర్శన్ పాటల కార్యక్రమంలోను, 2002లో జాతీయ ప్రసారమైన ‘చిత్రహార్’లోను ఇది అమలయింది. పాటకు పనికివచ్చినది కథకు పనికిరాదా? ఆ ప్రశ్నతో 2004లో బుక్‌బాక్స్ మొదలయింది.

పిల్లలను పుస్తకం వైపు నడిపించిన టెలివిజన్ కార్యక్రమాలు అంతకుముందూ లేకపోలేదు. అమెరికాలో 1983లో మొదలైన ‘రీడింగ్ రెయిన్‌బో’ మంచి పుస్తకాలను పరిచయం చేసి, పిల్లలలో చదవాలనే కోరిక పుట్టించింది. కాని ఆ పుస్తకం అందుబాటులో ఉండాలి. అంతకు మించి, దానిని చదవగలగాలి. మన దేశంలో చిక్కు ఇక్కడే వస్తుంది. 2022లో ప్రథమ్ సంస్థ ‘అసర్’ సర్వే ప్రకారం, గ్రామీణ ప్రాంతాలలో అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు 42.8 శాతమే. బడికి పోతూ కూడా చదవలేని ఆ పిల్లలకు పుస్తకాల బీరువా తాళం వేసినట్లే.

తెలుగుకు ఈ పద్ధతి బాగా అమరుతుంది. ఇంగ్లీషులో వలె పలుకొకటి, వ్రాత ఒకటి అన్న బాధ మనకు అంతగా లేదు. మన పిల్లలు తడబడేది గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర. ‘సముద్రం’ అన్న మాట వినబడుతున్నప్పుడే ‘ద్ర’ కంటికి కనబడితే, ఆ ముడి కొంత సడలుతుంది. పైగా పిల్లలకు ఒకే కథ పదిసార్లు కావాలి. చెప్పే పెద్దలకు విసుగు పుట్టవచ్చుగాని తెరకు పుట్టదు.

ఇది బడికి బదులు కాదు. ఓనమాలు బొత్తిగా రానివానికి ఆ రంగు మారే గీతలు వట్టి అలంకారమే. సగం వచ్చి ఆగిపోయినవానికే దీనివల్ల ఎక్కువ మేలు.

పుదుచ్చేరి వీధుల పేర్లను తమిళంలోను, ఫ్రెంచిలోను చదువుకోవచ్చు. అదే కేంద్రపాలిత ప్రాంతంలో, గోదావరి ఒడ్డున ఉన్న యానాంలో ప్రజల భాష తెలుగు. యానీబుక్స్ తెలుగులోను, తమిళంలోను, మరెన్నో భాషలలోను ఉన్నాయి; యూట్యూబ్‌లో చూడవచ్చు. బొమ్మలు అవే, కథ అదే. మారేది గొంతు, దాని క్రింది అక్షరం. పెద్దలు చేయవలసినది కొంచెమే: అక్షరాలు ఆనేటంత పెద్ద తెర చూపడం, ధ్వని తగ్గించకపోవడం, పిల్లవాడు “మళ్ళీ పెట్టు” అంటే మళ్ళీ పెట్టడం.