చౌరీచౌరాలో రెండు స్మారకములు

గోరఖ్‌పురము జిల్లాలోని చౌరీచౌరా గ్రామమున రెండు స్మారకములు కలవు. ఒకటి హతులైన పోలీసులది. రెండవది ఆ పోలీసులను చంపిరను నేరమునకు ఉరితీయబడినవారిది. మొదటిదానిని ఆంగ్లప్రభుత్వము నెలకొల్పినది. రెండవదానిని స్వతంత్ర భారత ప్రభుత్వము కట్టింపగా, 1993లో నాటి ప్రధానమంత్రియు మన తెలుగువాడును అగు పి.వి. నరసింహారావుగారు ప్రారంభించిరి. ఆ యూరికి బోయిన యాత్రికుడు దేనియెదుట తల వంచవలెను? ఉత్సవోపన్యాసములలో ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

1922 ఫిబ్రవరి 4వ తేదీన జరిగినదానిని ముందు జ్ఞప్తికి దెచ్చుకొందము. అంతకు కొలదిదినములకు పూర్వము దారోగా బజారులో భగవాన్ అహీర్ అను స్వచ్ఛంద సేవకుని కొట్టెను. ఆతడు సైన్యమున కొలువుచేసి పింఛను పుచ్చుకొనుచున్నవాడు. ఇదేమని యడుగుటకు జనులు ఠాణాకు నడచిరి. పోలీసులు తుపాకులు కాల్చిరి, కొందఱు నేలగూలిరి. జనులు రాళ్లు రువ్వగా పోలీసులు లోనికి బోయి తలుపులు మూసికొనిరి. అంతట జనులు ఠాణాకు నిప్పు పెట్టిరి. మరణించిన పోలీసులు 22 మంది యని కొందఱును, 23 మంది యని మఱికొందఱును వ్రాయుచున్నారు. నూఱేండ్లు గడచినను ఆ యొక్క ప్రాణము లెక్కకెక్కలేదు!

వారిలో ఆంగ్లేయు డొక్కడును లేడు. కానిస్టేబులులు, చౌకీదారులు—మన పల్లెల తలారుల వంటివారు—పొట్టకూటికై ఆ కొలువున జేరిన మనవారే.

పిదప 225 మందిపై విచారణ జరిగెను. 1923 జనవరిలో సెషన్సు న్యాయాధిపతి వారిలో 172 మందికి మరణశిక్ష విధించెను. అలహాబాదు హైకోర్టులో మదనమోహన మాలవీయ పండితుడు వారి పక్షమున వాదించెను. తుదకు 19 మందికి ఉరి స్థిరపడి, జూలై మాసమున అమలు జరిగెను. గుంపునకు పూనిన పిచ్చి ఒకనాటి సాయంకాలముతో తీరినది. చల్లనిమనస్సుతో 172 మంది ప్రాణములను ఒక్క తీర్పున గోరిన న్యాయస్థానము నేమనవలెనో పాఠకులే నిర్ణయింతురు గాక.

గాంధీమహాత్ముడు ఫిబ్రవరి 12వ తేదీన బార్డోలీలో శాసనోల్లంఘనము నాపివేయించి, ఐదుదినము లుపవసించెను. చెఱసాలలోనున్న మోతీలాలు, లజపతిరాయిగార్లు ఆగ్రహించిరి. గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో రైతులు జంకక సాగించిన పన్నుల నిరాకరణమును ఆ మాసముననే ముగిసినది. దానికి వేఱు కారణములును కలవు గాని, భూములు జప్తగునని తెలిసియు ఒక్క ప్రాణమునకు హాని చేయక నిలచిన ఆ రైతులకు, ఎచ్చటనో జరిగిన పాపమునకు దేశమంతయు ఆగవలసివచ్చుట ఎంత కష్టముగా తోచెనో మే మూహింపగలము. మార్చి 18వ తేదీన అహమ్మదాబాదు విచారణయందు మహాత్ముడు చౌరీచౌరా భారమును తనపై వేసికొనెను.

మా పాఠకులలో పద్దుపుస్తక మెఱుగనివారు లేరు. మనకు రావలసిన బాకీలను ఎవరైనను మఱువక వ్రాసికొందురు. ఇయ్యవలసినవే మఱపునకు వచ్చును. జాతుల జ్ఞాపకముల తీరును ఇంతే. తండ్రి మరణమును దలచుకొని దలచుకొనియే కదా అశ్వత్థామ నిద్రించుచున్న బాలురను చంపినది! ఆతని పద్దు అబద్ధము కాదు. ద్రోణుని యెడ జరిగినది అన్యాయమే. అయినను, భాగవతమున ఆ బాలుర తల్లి ద్రౌపది, పట్టి తెచ్చిన హంతకుని విడువుమని వేడినది. తనవలె కృపియు పుత్రశోకమున కుందునని ఆమె భయము. ఆమె తన బిడ్డలను మఱచినదని యెవరును అనజాలరు.

మహాత్ముడు ఇయ్యవలసిన బాకీని వ్రాసికొనెను. ఇది యెంత అరుదో వేఱుగ జెప్పనక్కఱలేదు. కాని ఆ పశ్చాత్తాపమున ఒక లోపము కలదని మా యభిప్రాయము. ఉద్యమమునకు వచ్చిన కళంకమును కడుగుకొను తొందరలో జాతీయవాదులు ఆ పందొమ్మిదిమందిని, వారి యాలుబిడ్డలను చాలకాలము దూరముంచిరి. నేరమును ఖండించుట వేఱు, నేరస్థుని ముఖము చూడకుండుట వేఱు. ఇప్పుడు త్రాసు రెండవవైపు మొగ్గినది. 2021 ఫిబ్రవరి 4న శతాబ్ది యుత్సవములు ప్రారంభమై, తపాలాబిళ్లయు వెలువడినది. ఉరికంబ మెక్కినవారిని వీరులనుట మాకు సమ్మతమే. అగ్నిలో గాలినవారిని పరదాస్యపు గుర్తులుగా మాత్రమే లెక్కించుట సమ్మతము కాదు. మన బాలుర పుస్తకములలో చౌరీచౌరా సామాన్యముగా ఒకటిరెండు వాక్యములతో, ఉద్యమ మేల ఆగినదను ప్రశ్నకు జవాబుగా ముగియును.

షాహిద్ అమీన్ అను చరిత్రకారుడు ఆ పల్లెలకు బోయి, నాటివారి కుటుంబములలోని వృద్ధులతో మాటలాడి, 1995లో గ్రంథము ప్రకటించెను. వారి జ్ఞాపకములలో బార్డోలీ తీర్మానముకంటె ఎక్కువగా నిలిచినవి వాలంటీర్ల దుస్తులు, వారు ఇల్లిల్లు తిరిగి యెత్తిన పిడికెడు గింజల భిక్ష.