ప్రభుత్వం వంతు, పౌరుల వంతు



దేశాభివృద్ధికి ప్రాజెక్టులు, రోడ్లు ఎంత అవసరమో, ప్రభుత్వానికీ పౌరులకూ నడుమ నమ్మకం అంత అవసరం. చట్టానికి లోబడటం, పన్ను చెల్లించడం, ఉమ్మడి ఆస్తిని కాపాడటం పౌరుల వంతు. న్యాయం, చదువు, బ్రతుకుతెరువు అందరికీ సమంగా అందేటట్లు చూడటం ప్రభుత్వం వంతు. ఈ ఒడంబడికలో ఏ పక్షం తప్పినా నష్టం ఇరువురిదీ.

ఇందుకు ఉదాహరణ మన బాపట్ల ప్రాంతంలోనే ఉంది. అది స్టూవర్టుపురం. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్ముకొనడం ఎరుకలవారి పూర్వపు వృత్తుల్లో ఒకటి. రైళ్ళు వచ్చి, ఉప్పుపై సర్కారు పట్టు బిగిసిన తరువాత ఆ వ్యాపారం దెబ్బతిన్నది. బ్రతుకుతెరువు చూపవలసిన బ్రిటిషు ప్రభుత్వం వారిపై నేరస్థ జాతుల చట్టం ప్రయోగించింది. 1871లో ఉత్తరాదిన పుట్టిన ఆ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఈ సెటిల్‌మెంటు ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు పేరే దీనికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే పొలిమేర దాటరాదు. నేరం చేసినవారికే కాదు, ఆ కులంలో పుట్టినవారికందరికీ ఇదే కట్టడి.

మన సంఘంలో ఎవరి పాలు వారివిగా శాంపిలు తీసి, వెన్నశాతం చూస్తాము. పరీక్ష లేకుండానే ఒక వీధి పాలన్నీ నీళ్ళపాలని కార్యదర్శి వ్రాస్తే మనం ఒప్పుకుంటామా? ఆ చట్టం చేసినది సరిగ్గా అదే.

మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ ఆ చట్టం రద్దయింది. 1950 నాటి రాజ్యాంగం చట్టం ముందు అందరూ సమానులేనన్నది. కాని ముద్ర చెరగలేదు. 1991లో ఆ ఊరి పేరుతో వచ్చిన సినిమాలు రెండు! 1970లలో హేమలత, లవణం దంపతులు అక్కడ సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. నేరం మానండని చెప్పి ఊరుకోక, మానినవారికి బ్రతుకుతెరువు చూపవలసిన బాధ్యతను ప్రభుత్వానికి గుర్తుచేశారు. రెండు వంతులూ కలిసినప్పుడే మార్పు నిలుస్తుందన్నది దీని పాఠం.

మనం చేయవలసినదీ ఉంది. సహకార సంఘంలో సభ్యత్వానికి కులం, ఊరి పేరు అడ్డు కారాదు. ఏ పేటవారు దరఖాస్తు ఇచ్చినా నియమాలు చూడండి, పుట్టుక చూడవద్దు. తూకం, పరీక్ష, చెల్లింపు అందరికీ ఒక్కటే కావాలి. సర్వసభ్య సమావేశంలో లెక్క అడగటం మన హక్కు, కల్తీలేని పాలు పోయడం మన బాధ్యత. సంఘంలో ఈ నడత అలవడితే, ప్రభుత్వాన్ని కూడా అదే న్యాయం అడిగే నైతిక బలం మనకు వస్తుంది.