పీల్చే మందు ఛాతీలోకి చేరుతున్నదా?

గత పుష్యమాసంలో ఒక పాల సంఘం లెక్కల తనిఖీకి వెళ్ళాను. ఉదయం పాల సేకరణ ముగిసింది. కార్యదర్శి రిజిస్టర్లు సర్దుతున్నాడు. అరుగుమీద ఒక సభ్యురాలు కూర్చుని ఆయాసపడుతున్నది. చాలా ఏళ్ళుగా సంఘానికి పాలు పోస్తున్న మనిషి, ఇంట్లో రెండు గేదెలున్నాయి.

"గడ్డి కదిలిస్తే చాలు, గస వచ్చేస్తున్నదండీ. ఇక చాకిరీ నా వల్ల కాదు. ఉగాది లోపల గేదెల్ని అమ్మేద్దామనుకుంటున్నాం" అన్నది.

"డాక్టరుకు చూపించుకోలేదా అమ్మా?" అని అడిగాను.

"చూపించుకోకేమండీ. గొట్టం మాత్రలు రాసిచ్చారు. రెండు నెలలు మింగాను. గుణమేమీ కనబడలేదు."

సంచిలోనుంచి మందులు తీసి చూపించింది. అవి మింగే మాత్రలు కావు. రోటాహేలర్ అనే చిన్న పరికరంలో వేసి, నోటితో పొడి పీల్చుకోవలసిన గొట్టాలు. ఆ పరికరం అట్టపెట్టెలోనే భద్రంగా ఉన్నది.

నవ్వడానికి నాకు అర్హత లేదు. నేనూ ఉబ్బసం మనిషినే. ఇన్‌హేలరు చేతికి వచ్చిన మొదటి నాలుగేళ్ళు, ముందు మందు నోట్లోకి నొక్కుకొని, ఆ తర్వాత తీరిగ్గా గాలి పీల్చేవాణ్ణి. మందంతా నాలుకమీద, గొంతులో పడేది. రాసిచ్చినవారు వాడే తీరు చూపలేదు, నేను అడగలేదు. సహకార డిప్లొమా చేశాను, నగదు పుస్తకంలో రూపాయి తేడా ఉంటే పట్టుకుంటాను. నా చేతిలోని తప్పు మాత్రం నాకు కనబడలేదు. చివరకు ఒక ఆస్పత్రిలో చిన్న వయసు నర్సు "ఎలా వాడుతున్నారో ఒకసారి వాడి చూపించండి" అన్నది. అప్పుడు బయటపడింది.

నేను వైద్యుణ్ణి కాను. ఏ మందు, ఎంత అనేది డాక్టరుగారు నిర్ణయించవలసిన విషయం. ఆ మందును ఛాతీలోకి చేర్చడం మాత్రం మన చేతిలోని పని. ఆ పని గురించే ఈ నాలుగు మాటలు.

పీల్చడమే ఎందుకు?

ఉబ్బసంలో ఊపిరితిత్తులకు గాలిని తీసుకుపోయే నాళాలు లోపలివైపు వాచి ఉంటాయి. ఆ వాపుమీద దుమ్మో, పొగో, చలిగాలో తగిలితే నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, కఫం అడ్డుపడుతుంది. పిల్లికూతలు అప్పుడే వినబడతాయి.

గేదెకు పొదుగువాపు వస్తే పశువైద్యుడు చనుమొన ద్వారానే ట్యూబు మందు ఎక్కించడం మనందరం చూసినదే. వాపు ఉన్నచోటికే మందు పంపుతున్నాడు. ఇన్‌హేలరు చేసేదీ అంతే. సాల్బుటమాల్ అనే మందును మాత్రగా మింగితే పెద్దవారికి 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు ఇవ్వడం మామూలు. అదే మందు ఇన్‌హేలరులో ఒక నొక్కుకు 100 మైక్రోగ్రాములు. రెండు నొక్కులు పీల్చినా మాత్రలో ఇరవయ్యో వంతు. "ఇన్‌హేలరు చాలా ఘాటు మందు, మొదలుపెడితే అలవాటైపోతుంది" అని వెనకాడే సభ్యులు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. మాత్ర ఒంట్లో అంతటా తిరిగి గుండెదడ, చేతుల వణుకు తెచ్చే అవకాశం ఎక్కువ.

ఈ పరికరం పుట్టుక కూడా ముచ్చటైనది. 1955లో అమెరికాలో రైకర్ అనే మందుల కంపెనీ అధ్యక్షుని కూతురికి ఉబ్బసం ఉండేది. జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా నా మందు ఎందుకు రాకూడదు అని ఆ 13 ఏళ్ళ పిల్ల తండ్రిని అడిగిందట. 1956లో మొదటి ఇన్‌హేలరు అమ్మకానికి వచ్చింది.

రెండు రకాల మందులు

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒకటి ఉపశమనపు మందు, బిగుసుకున్న నాళాన్ని కొద్ది నిమిషాల్లో వదులు చేస్తుంది. సాల్బుటమాల్ ఇటువంటిది. రెండోది నివారణ మందు, లోపలి వాపును నెమ్మదిగా తగ్గిస్తుంది. బుడెసొనైడ్, బెక్లోమెథసోన్ వంటివి ఈ తరగతి. దీన్ని పీల్చిన వెంటనే ఏమీ తేలిక అనిపించదు. అందుచేత మనవాళ్ళు "ఇది పనిచేయడం లేదు" అని దాన్ని పక్కన పెట్టి, వెంటనే హాయినిచ్చేదాన్నే పదేపదే నొక్కుకుంటారు. అప్పటికి ఊపిరి ఆడుతుంది, వాపు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. పొదుగువాపుకు మందు వేయకుండా ఆ పాలు పిండి పారబోస్తూ కూర్చున్నట్లు. ఉబ్బసానికి సాల్బుటమాల్ ఒక్కదానిమీదే ఆధారపడటం ప్రమాదమని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు 2019 నుంచి స్పష్టంగా చెబుతున్నాయి. రెండు పనులూ చేసే మిశ్రమ మందులు కూడా ఇప్పుడు ఉన్నాయి. మీ ఇన్‌హేలరు ఏ రకమో రంగునుబట్టి ఊహించుకోకండి. పేరు చదివించుకుని, డాక్టరుగారిని అడిగి పెట్టెమీద రాయించుకోండి.

నొక్కే ఇన్‌హేలరు

పాల క్యానులో ప్లంజరుతో బాగా కలియబెట్టకుండా నమూనా తీస్తే వెన్న శాతం తప్పు వస్తుందని మీకు వేరే చెప్పనక్కరలేదు. ఈ డబ్బాలోనూ చాలా మందులు అలాగే విడిపోయి ఉంటాయి. అందుకే వాడేముందు బాగా ఊపాలి. కొత్త డబ్బా అయినా, కొన్నాళ్ళు వాడకుండా ఉంచినా ముందు ఒకటి రెండు నొక్కులు గాలిలోకి వదలాలి.

మూత తీసి, లోపల చెత్త ఏమీ లేదని చూసుకోండి. నిటారుగా కూర్చోండి లేదా నిలబడండి. ఛాతీలోని గాలిని నెమ్మదిగా బయటకు వదలండి. గొట్టాన్ని పళ్ళమధ్య పెట్టి పెదవులు మూయండి. ఇప్పుడు అసలు కిటుకు. నెమ్మదిగా గాలి పీల్చడం మొదలుపెట్టి, మొదలుపెట్టిన ఆ క్షణంలోనే డబ్బాను ఒకసారి నొక్కాలి. నొక్కిన తర్వాత ఆపకూడదు. మూడు నుంచి ఐదు సెకన్లపాటు అదే నిదానంతో నిండుగా పీల్చాలి. తర్వాత నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టి గాలి వదలాలి. రెండో నొక్కు కావాలంటే అర నిమిషమో నిమిషమో ఆగి, మళ్ళీ డబ్బా ఊపి మొదటినుంచి చేయాలి. రెండూ ఒకేసారి నొక్కడం దండగ. నోటినుంచో ముక్కునుంచో తెల్లని పొగలాగా బయటకు వచ్చిందంటే ఆ మందు మీ ఛాతీలోకి చేరనట్లే.

చేతికీ ఊపిరికీ ఈ జత అందరికీ కుదరదు. నాకు ఇప్పటికీ కొన్నిసార్లు తప్పుతుంది. దానికి స్పేసర్ అనే ప్లాస్టిక్ బుడ్డి ఉన్నది. ఒక కొసకు ఇన్‌హేలరు తగిలించి ఒకసారి నొక్కితే మందు బుడ్డిలో నిలుస్తుంది. రెండో కొసనుంచి నిదానంగా పీల్చుకోవచ్చు. ఒక్క నిండు శ్వాస తీయలేనివారు నాలుగైదు మామూలు శ్వాసలు తీస్తే సరిపోతుంది. చంటిపిల్లలకు మూతిమీద అమరే మాస్కు ఉంటుంది. స్పేసర్ వాడితే గొంతులో పడే మందు తగ్గి, ఛాతీకి చేరేది పెరుగుతుంది. "అది పిల్లలకు, ముసలివాళ్ళకు" అని సిగ్గుపడవద్దు. సబ్బునీళ్ళతో కడిగి అలాగే ఆరబెట్టండి, బట్టతో తుడవకండి. తుడిస్తే స్థిరవిద్యుత్తు పుట్టి మందు ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది.

పొడి మందు

రోటాహేలర్ వాడే పద్ధతి ఇందుకు విరుద్ధం. అక్కడ నిదానం, ఇక్కడ వేగం. తడిలేని చేతితో గొట్టాన్ని వాడే ముందే తీసి, పారదర్శకంగా ఉన్న కొస ముందుగా పోయేటట్లు పరికరం కన్నంలో పెట్టాలి. అడుగుభాగాన్ని తిప్పితే గొట్టం రెండుగా విడిపోతుంది. గాలిని పక్కకు వదిలి, పెదవుల మధ్య పెట్టుకుని, ఒక్కబిగిన గట్టిగా, లోతుగా పీల్చాలి. పది లెక్కపెట్టాలి. లోపల పొడి మిగిలితే మళ్ళీ పీల్చాలి. పరికరంలోకి ఊదకూడదు, నోటి తడికి పొడి గడ్డకడుతుంది. మన వానాకాలపు తేమలో గొట్టాల సీసా మూత బిగించి పెట్టడం మరవకండి.

ఏ పరికరమైనా సరే, నివారణ మందు పీల్చిన తర్వాత నీళ్ళు పుక్కిలించి ఉమ్మివేయాలి. లేకపోతే నాలుకమీద తెల్లపూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

మందు అయిపోయిందని ఎలా తెలుస్తుంది? డబ్బాను నీళ్ళలో వేసి తేలుతుందా అని చూసేవారున్నారు, అది నమ్మదగినది కాదు. కొన్నింటిమీద అంకెల లెక్క ఉంటుంది. లేనివాటికి మన పాల పాస్‌బుక్కు పద్ధతే మేలు. 120 నొక్కుల డబ్బా రోజుకు నాలుగు చొప్పున సరిగ్గా 30 రోజులు. మొదలుపెట్టిన తేదీ పెట్టెమీద రాసుకోండి. మందు అయిపోయినా ఉత్త గాలి నొక్కుకుంటూ రోజులు గడిపినవారిని నేనెరుగుదును.

మృగశిర కార్తెకు హైదరాబాదులో చేపమందుకు వెళ్ళేవారు మన సభ్యుల్లో ఎందరో ఉన్నారు. వారి నమ్మకం జోలికి నేను పోను. వెళ్ళిరండి. అయితే ఆ రాత్రి కూడా మీ నివారణ మందు మానకండి, ఆ జనంలో ఇన్‌హేలరు జేబులో లేకుండా నిలబడకండి.

పశువుల చాకిరీలో కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. తవుడును పొడిగా దులపకుండా నీళ్ళు చిలకరించి కలపండి. వాము పీకే పని, గడ్డి కోసే యంత్రం దగ్గరి పని ఇంట్లో మరొకరికి అప్పగించండి. దోమలకోసం కొట్టంలో వేసే పొగ మీకూ పడదు, పశువుకూ పడదు. బూజుపట్టిన గడ్డి కదిపిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలిజ్వరంతో ఆయాసం వస్తుంటే అది ఉబ్బసం కాకపోవచ్చు. ఆ గడ్డి సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.

ఇక ప్రమాదం సంగతి. మాట మధ్యలో ఆగిపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా, ఉపశమనపు మందు పీల్చినా తగ్గకపోయినా, తగ్గి నాలుగు గంటలైనా నిలవకపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయించండి. బండి వచ్చేలోపు మనిషిని కూర్చోబెట్టండి, పడుకోబెట్టవద్దు. స్పేసర్‌తో సాల్బుటమాల్ ఒక్కొక్క నొక్కు చొప్పున నాలుగు ఇవ్వండి. తగ్గకపోతే ఇరవై నిమిషాలకు మళ్ళీ ఇవ్వవచ్చు. పాల లారీ వచ్చే వేళ అయితే లారీలో ఎక్కించి పంపినా తప్పులేదు.

ఆ సభ్యురాలిని మళ్ళీ డాక్టరుగారి దగ్గరకే పంపాను, ఈసారి పరికరం చేత పట్టుకుని. ఆయన ఎదుట రెండుసార్లు పీల్చి చూపించి వచ్చిందట. వైశాఖంలో ఆ సంఘానికి మళ్ళీ వెళ్ళినప్పుడు ఆమె క్యాను భుజాన పెట్టుకుని వరుసలో నిలబడి ఉన్నది. గేదెలు అమ్మలేదు. గస ఎలా ఉన్నదమ్మా అని అడగబోయేలోపే, కార్యదర్శి వెన్న శాతం తక్కువ వేస్తున్నాడని గుక్కతిప్పుకోకుండా పది నిమిషాలు ఫిర్యాదు చేసింది. రాసుకున్నాను.