కూతకెళ్లినవాడు తిరిగి రావాలి

బడులు తెరిచే రోజుల్లో బనగానపల్లె లాంటి మండల కేంద్రంలో కరెంటు స్తంభాలకు కొత్త బోర్డులు వేలాడతాయి. తెల్లబట్టల కుర్రాడు గాల్లోకి ఎగిరి తన్నుతున్న బొమ్మ, కింద కరాటే అనో తైక్వాండో అనో పేరు, ఒక ఫోన్ నంబరు. పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఆత్మరక్షణ నేర్పిద్దామనుకున్న తల్లిదండ్రులు అప్పుడు అడిగేది ఒకటే: ఏ విద్య గొప్పది? ఆ ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పినట్టే. ఆపదలో ఆదుకునేది సాధన చేసిన తీరు. ఎదుటి మనిషి నిజంగా ఎదురు తిరుగుతుండగా చేశామా, వాడు ఒప్పుకుని నిలబడితే చేశామా అన్న దగ్గరే తేడా అంతా ఉంది. ఈ కొలబద్ద పట్టుకుని చూస్తే, బెల్టులూ సర్టిఫికెట్లూ లేని మన కబడ్డీ చాలా క్లాసులకన్నా ముందుంటుంది. విడ్డూరంగా అనిపించవచ్చు. కారణాలు చూద్దాం.

ఆత్మరక్షణ తరగతుల్లో తొలి పాఠాల్లో ఒకటి మణికట్టు విడిపించుకోవడం. ఒక పిల్ల ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుంటుంది. ఎంత గట్టి పట్టులోనైనా బొటనవేలికీ తక్కిన వేళ్లకీ మధ్య ఒక సందు ఉంటుంది. చేతిని ఆ సందు వైపు తిప్పి, మోచేతిని ఎదుటివాడి మీదికి తోసుకెళ్తూ ఒక్కసారి గుంజితే పట్టు జారిపోతుంది. కిటుకులో అబద్ధమేమీ లేదు. కానీ పట్టుకున్న పిల్ల ఎలా నిలబడిందో గమనించండి: చెయ్యి చాచి, కదలకుండా, నేస్తం విడిపించుకునేదాకా ఓపిగ్గా. నిజంగా పట్టుకున్నవాడు అలా నిలబడడు. లాగుతాడు, రెండో చేత్తో జుట్టందుకుంటాడు, గోడకేసి నెడతాడు. మొదటి గుంజుకు పట్టు వదలకపోతే ఆ పిల్లకు రెండో పాఠం ఉండదు. అదే కిటుకును, పట్టుకున్న పిల్ల వదలకుండా ఈడ్చుకుపోతుంటే యాభైసార్లు చేయించి చూడండి. పదిసార్లు ఓడిపోతుంది, పదకొండోసారి కాలు ఎక్కడ ఆనించాలో, నడుము ఎప్పుడు తిప్పాలో ఆమె ఒంటికే తెలిసిపోతుంది. ఆ తెలివిడి నోటితో చెబితే వచ్చేది కాదు.

ఈ సంగతిని జపాన్‌లో జిగోరో కానో నూటనలభై ఏళ్ల కిందటే పట్టుకున్నాడు. 1882లో టోక్యోలో కోదోకాన్ పెట్టి జూడో నేర్పడం మొదలుపెట్టినప్పుడు ఆయన చేసిన పెద్ద మార్పు, దెబ్బలూ, కీళ్లు విరిచే ప్రమాదకరమైన పట్లూ కొన్నింటిని లాంఛన ప్రదర్శనకే పరిమితం చేసి, మిగిలినవాటిని రందోరి అనే స్వేచ్ఛా సాధనలో పూర్తి బలంతో చేయించడం. చూడ్డానికి విద్యను తగ్గించినట్టుంటుంది, నిజానికి పదును పెట్టాడు. ఏ గాయమూ కాకుండా రోజూ పూర్తి బలంతో చేయగలిగింది మాత్రమే ఒంటికి పడుతుంది. ఆ జూడోనే మయెదా అనే జపాన్ యోధుడు బ్రెజిల్‌కు తీసుకెళ్లాడు. అక్కడి గ్రేసీ కుటుంబం నేలమీద పట్లను పెంచుకుంది. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో రకరకాల విద్యల వాళ్లను ఒకే బరిలో దింపినప్పుడు రాయిస్ గ్రేసీ తనకన్నా బరువైనవాళ్లను పట్టి లొంగదీశాడు. ‘మా విద్య ప్రాణాంతకం, అందుకే బరిలో ఆడం, కళ్లల్లో పొడుస్తాం, గొంతు మీద కొడతాం’ అనే గురువులు ఇప్పటికీ ఉన్నారు. ఎప్పుడూ ఎవరి కళ్లల్లోనూ పొడవనివాడికి పొడవడం వచ్చని ఎలా నమ్మాలి?

మన సీమలో సాముగరిడీలకు కొదవ లేదు. పీర్ల పండక్కి, ఊరేగింపుల్లో కర్రసాము చేసేవాళ్లను చూస్తే కళ్లు చెదురుతాయి. భుజాలకూ మణికట్లకూ అంతకు మించిన కసరత్తు అరుదు. కానీ గిరగిరా తిరిగే కర్రకు ఎదురుగా ఎవరూ లేరు. ఎదురుంటే ఏమవుతుందో తెలియాలంటే కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టు దసరా రాత్రిని తలుచుకోవాలి. మాల మల్లేశ్వరస్వామి విగ్రహాల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకోవైపు కర్రలతో తలపడే బన్ని ఉత్సవం అది. అది పగతో కొట్టుకోవడం కాదు, వాళ్ల భక్తి. దాన్ని పోట్లాటగా కొలవడం నా ఉద్దేశం కాదు. అయినా ఏటా ఎన్నో తలలు పగులుతాయి, పగిలినవాళ్లందరికీ కర్ర పట్టడం రాదనుకుంటే పొరపాటు. చీకటి, దివిటీల పొగ, తోపులాట, ఎక్కడినుంచి దిగుతుందో తెలియని దెబ్బ. పదిమంది గుమిగూడిన చోట నేర్పుకన్నా, అక్కడినుంచి బయటపడే దారి ఎటుందో తెలియడం ముఖ్యం.

కబడ్డీ మాట ఇక్కడే వస్తుంది. కూతకు వెళ్లినవాడి పని ఏడుగురినీ ఓడించడం కాదు. తాకి, మధ్యగీత దాటి తన కోర్టులోకి తిరిగి రావాలి. అదీ 30 సెకన్లలో, ఒకే ఊపిరిలో కూత ఆపకుండా. ఆత్మరక్షణను ఇంతకన్నా ముక్కుసూటిగా చెప్పే ఆట నాకు కనబడలేదు. మూలన ఉన్నవాడు కిందికి వంగి చీలమండ పట్టేస్తాడు. కూతగాడు బోర్లా పడతాడు. మీద ఇద్దరు దూకుతారు. అయినా వాడు మోకాళ్ల మీద జరుగుతూ, మట్టిలో వేళ్లు గుచ్చి, చెయ్యి చాచి గీతను అందుకుంటే పట్టినవాళ్లందరూ అవుట్. పడ్డాక కూడా పని అయిపోలేదని ఒంటికి నేర్పే ఆట ఇది. ఎవరు ఎటునుంచి వస్తున్నారో ఓరచూపుతో కనిపెట్టడం, ఇద్దరు చేతులు కలిపి గొలుసు కట్టకముందే సందులోంచి జారిపోవడం, భయంలో ఊపిరి అదుపు తప్పకపోవడం, ఇవన్నీ అడిగినా అడక్కపోయినా వస్తాయి. తాలింఖానాలో ఎర్రమట్టి గోదాలో పట్టే కుస్తీకీ ఇదే బలం.

కబడ్డీలో గుద్దు లేదుగా అని అడగవచ్చు. నిజమే, అది దాని లోటు. ముఖం మీదికి చెయ్యి వస్తుంటే కళ్లు మూసుకోకుండా ఉండటం బాక్సింగులో వచ్చినంత బాగా ఇంకెక్కడా రాదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022, 2023లలో ప్రపంచ విజేత అయ్యింది. ఆమె ఎక్కిన రింగులో ఎదుటివాళ్లు ఎవరూ ఊరికే నిలబడలేదు. కరాటే గురువైనా వారానికి రెండుసార్లు తొడుగులు వేయించి జోడీలను తలపడనిస్తే అదీ మేలే. పోటీల తైక్వాండోలో ముఖం మీద గుద్దకూడదు కాబట్టి చేతులు కిందికి దించే అలవాటు పడుతుంది. దాన్ని సరిదిద్దే గురువు దొరికితే ఆ కాళ్ల వేగమూ వృథా పోదు. ఇంకో చిక్కు మన నేలది. నాపరాళ్ల గనుల ఊళ్లు మనవి, ఇళ్లల్లో, వసారాల్లో పరిచేవి ఆ బండలే. బండల మీద తరగతి నడిపితే పడటం నేర్పలేరు. పోట్లాటలో గుద్దుకన్నా పడ్డప్పుడు తల నేలకు కొట్టుకుంటేనే ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువ. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, అరచెయ్యి నేలకేసి చరుస్తూ పడటం మెత్తటి మట్టిలోనో పరుపు మీదో నేర్చుకోవాల్సిందే.

ఆడపిల్లల విషయంలో అసలు అభ్యంతరం వేరే ఉంది, అది బలమైనది. చీకటి సందులో అపరిచితుడు అనే ఊహతోనే తరగతులు నడుస్తాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) ఏటా ప్రకటించే లెక్కల్లో చూస్తే నమోదైన అత్యాచారాల్లో 90 శాతానికి పైగా నిందితుడు తెలిసినవాడే. మామయ్య వరసవాడినో, పక్కింటివాడినో, పెళ్లి చేసుకుంటానన్నవాడినో తన్నడానికి కాలు లేస్తుందా? అందుకే సాధన అక్కర్లేదంటారు కొందరు. కెనడాలో జరిగిన పరిశోధన దీనికి వేరే జవాబు చెప్పింది. మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కరపత్రాలు అందుబాటులో పెట్టారు, రెండో గుంపుకు 12 గంటల శిక్షణ ఇచ్చారు. తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, మొహమాటాన్ని తెంచుకుని గట్టిగా వద్దనడం, అప్పటికీ ఆగకపోతే ఒంటితో ఎదిరించడం, ఇదీ పాఠం. 2015లో అచ్చయిన ఫలితాల ప్రకారం ఏడాదిలో అత్యాచారానికి గురయ్యే ప్రమాదం కరపత్రాల గుంపులో 9.8 శాతం, శిక్షణ పొందినవారిలో 5.2 శాతం. తప్పు చేసేవాణ్ని వదిలేసి భారం ఆడపిల్ల మీద వేస్తున్నారనే మాట న్యాయమైనదే. వాణ్ని పట్టడం పోలీసుల పని, పెంచడం ఇంటి పని. ఆ రెండూ జరిగేదాకా పిల్ల చేతులు కట్టుకు కూర్చోవాలని ఆ మాటకు అర్థం కాదు. సమగ్ర శిక్షా కింద ప్రభుత్వ బడుల్లో రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. ఆ మూడు నెలలూ వరసగా నిలబెట్టి గాల్లో గుద్దులు గుద్దిస్తే ఫొటో బాగా వస్తుంది. సగం సమయమైనా గొంతెత్తి అరవడానికీ, తోసుకోవడానికీ, పట్టు విడిపించుకోవడానికీ ఇస్తే పిల్లకు ఏదైనా మిగులుతుంది.

ఇక ఆయుధం సంగతి. సినిమాల పుణ్యాన సీమ అనగానే వేటకొడవలి గుర్తొస్తుంది గానీ, కత్తికి ఉత్తచేతులతో జవాబు చెప్పే విద్య లేదు. ఉందని నేర్పేవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయడమే మంచిది. పరుగే జవాబు, దారి లేకపోతే చేతికందిన కుర్చీనో రాయినో అడ్డం పెట్టడం. చట్టమూ ఇదే తోవలో ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కువి. ప్రాణభయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటి సందర్భాల్లో ఎదుటివాడి ప్రాణం పోయినా ఆ హక్కు కాపాడుతుంది. కానీ అవసరానికి మించి కొట్టకూడదు, పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే హక్కు వర్తించదు. పారిపోతున్నవాడి వెంటపడి కొట్టినవాడు ఆత్మరక్షణ అని చెప్పుకోవడం కష్టం.

కాబట్టి ఫీజు కట్టేముందు ఒక గంట గోడవారగా నిలబడి క్లాసు చూడండి. ఆ గంటలో పిల్లలు ఎన్ని నిమిషాలు ఒకరినొకరు నిజంగా ప్రతిఘటించారో లెక్కపెట్టండి. పది నిమిషాలకు తగ్గితే అది కసరత్తు. కసరత్తూ మంచిదే, ఆత్మరక్షణ అన్న పేరుతో మాత్రం కొనొద్దు. మంచి క్లాసు దొరక్కపోతే బడి మైదానంలో మట్టి గుల్లచేసి సున్నంతో గీతలు గీయడానికి పెద్ద ఖర్చేమీ లేదు, ఆడవాళ్ల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, అంతే. అడ్డం ఇంకో చోట ఉంది. కూతురికి కరాటే బెల్టు కోసం నెలనెలా డబ్బు కట్టే ఇల్లే, తొమ్మిదో తరగతికి రాగానే ‘ఇంకా ఆ మట్టిలో పొర్లాటలేంటి’ అని ఆమెను కబడ్డీ మాన్పిస్తుంది.