ఉత్తరం చేరింది, వ్రాసినదెవరు?

కువైటులో పని చేస్తున్న కుమారుడు ఒక ఫోటో పంపుతాడు. కన్ను మూసి తెరిచేలోగా కోనసీమలోని తల్లి దానిని చూచుకొని కన్నులు తుడుచుకొంటుంది. అదే ఫోనులోనికి, అదే దారిన, "అమ్మా, మీ బ్యాంకు ఖాతా నిలిచిపోయింది, ఇక్కడ నొక్కండి" అనే కబురు కూడా వస్తుంది. రెండింటినీ మోసికొని వచ్చినది ఒకే ఇంటర్నెట్టు. గనుక ఆ దారి ఎట్టిదో ప్రతి కుటుంబమూ కొంతైనా తెలిసికొనుట అవసరం.

ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఇద్దరికీ తెలిసిన భాష ఉండాలి. కంప్యూటర్లు మాట్లాడుకొనుటకు ముందుగా ఏర్పరచుకొన్న నియమాలనే ప్రోటోకాల్ అంటారు. 1969 అక్టోబరు 29న అమెరికాలో లాస్ ఏంజెలిస్‌లోని విశ్వవిద్యాలయం నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు "లాగిన్" అనే ఇంగ్లీషు మాటను పంపబోయారు. ఎల్, ఓ అనే రెండక్షరాలు చేరగానే యంత్రం ఆగిపోయింది. సుమారు గంట తరువాత మరల ప్రయత్నింపగా పని జరిగింది. అంత చిన్నది ఆ ఆరంభం! 1974లో వింటన్ సర్ఫ్, రాబర్ట్ కాన్ అనే ఇద్దరు వేర్వేరు నెట్‌వర్కులను కలిపే పద్ధతిని ప్రకటించారు. దానినుండి వచ్చిన టీసీపీ, ఐపీ అను నియమాలకు ఆ తొలి నెట్‌వర్కు 1983 జనవరి 1న మారింది. నేటి ఇంటర్నెట్టు పునాదిలో అవే ఉన్నాయి. మన దేశ ప్రజలకు ఇంటర్నెట్టు అందినది 1995 ఆగస్టు 15న.

ఇవి చేసే పని ఏమిటి? ఫోటో మొత్తంగా ప్రయాణం చేయదు. దానిని ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా చేస్తారు. ప్రతి ముక్క మీద పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా అంకెలలో ఉంటాయి. దారిలో ప్రతి కూడలిలోను రౌటర్ అనే యంత్రం చిరునామా చూచి ముందుకు పంపుతుంది. ఇది ఐపీ పని. ముక్కలు వేర్వేరు దారుల్లో రావచ్చు, వెనుకాముందు కావచ్చు, కొన్ని తప్పిపోవచ్చు. వాటికి వరుస సంఖ్యలు వేసి, అందినట్లు కబురు తెప్పించుకొని, అందనివాటిని మరల పంపించేది టీసీపీ. ఒకప్పుడు రిజిస్టరు ఉత్తరానికి సంతకంతో తిరిగి వచ్చిన అక్నాలెడ్జిమెంటు కార్డు మీకు జ్ఞాపకముందా? అట్టిదే ఇది.

అయితే ఒక సంగతి గమనించండి. పోస్టుమాన్ ఉత్తరాన్ని చేరుస్తాడే గాని అందులోని మాట నిజమో అబద్ధమో చూడడు. ఈ నియమాలూ అంతే.

మరి "హెచ్‌టీటీపీఎస్" అని మొదలయ్యే చిరునామాల సంగతేమిటి? అది కార్డు ముక్కకు బదులు అంటించిన కవరు వంటిది. దారిలో ఎవరూ చదువలేరు. మీరు ఆ పేరుగల చోటికే చేరారని కూడా అది చెబుతుంది. ఆ పేరుగలవాడు యథార్థవంతుడని మాత్రం చెప్పదు. దొంగ కూడా కవరు అంటించగలడు గదా!

కాబట్టి పేరు చూడాలి. చిరునామా మొదట వచ్చే రెండు గీతలను విడిచి, తరువాత వచ్చే మొదటి అడ్డగీత వరకు ఉన్నదే పేరు. దానిని చివరినుండి వెనుకకు చదవాలి. మన దేశపు బ్యాంకులు 2025 అక్టోబరు 31 లోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అని ముగిసే పేర్లకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ మాటలు పేరు మధ్యలో ఉండి చివర మరొకటి ఉంటే, అది బ్యాంకు ఇల్లు కాదు. సందేహం కలిగితే నొక్కవద్దు. పాసుపుస్తకం తీసికొని బ్యాంకుకే వెళ్లి అడగండి. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యం చేసినకొద్దీ ఆ సొమ్ము చేతులు మారిపోతుంది.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో చదువుకొన్న పిల్లవాడు నాయనమ్మ ప్రక్కన కూర్చుండి ఆ పేరు ఎలా చదవాలో చూపించవచ్చు. పది నిమిషాల పని. కువైటులో ఎండకు ఓర్చి సంపాదించిన సొమ్మును అది కాపాడవచ్చు.