ఆరును మూడును: సిద్ధులగుట్ట కథ



నాగపూరు బాటను హైదరాబాదునకు పోవువారికి ఆర్మూరు చేరువ కాగానే, నల్లని బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుట్ట కానవచ్చును. అదియే సిద్ధులగుట్ట. అందలి గుహలో నవనాథ సిద్ధేశ్వరుడు వెలసియున్నాడు. సోమవారమునాడు పసుపుచేల రైతులు ఇరుకైన రాతిసందున వంగి దూరి స్వామిని దర్శింతురు. ఎంతటి దొరయైనను అచట తల వంచవలసినదే.

తొమ్మండుగురు నాథసిద్ధులు ఈ గుహలలో తపము చేసిరని స్థలపురాణము. సిద్ధులలో మొదటివాడు మత్స్యేంద్రుడు. శివుడు పార్వతికి యోగరహస్యము బోధించుచుండగా నీటిలోని చేప యొకటి ఆలకించెననియు, ఆ చేపకడుపున నుండి యీతడు వెలువడెననియు చెప్పుదురు. ఇతనినే మీననాథుడందురు. సారంగధరుని నాటకము చూచి కంట తడిపెట్టనివారు మనలో అరుదు. కాని కాలుసేతులు నరకబడిన ఆ రాకుమారుని కాపాడి చౌరంగి యను సిద్ధునిగా జేసినవాడు మీననాథుడే యని యెరిగినవారు కొందరే. 15వ శతాబ్దమున గౌరన మంత్రి ఈ కథలను నవనాథచరిత్రమను ద్విపదగా రచించెను.

తొమ్మండుగురు సిద్ధుల నెలవగుటచే ఇది నవనాథపురమైనదనియు, ఆరును మూడును తొమ్మిది గనుక జనులు ఆరుమూరనిరనియు, అదియే ఆర్మూరైనదనియు మనవారందురు. నేను బడిలో ఈ మాట చెప్పగా ఒక బాలుడు లేచి, "పంతులుగారూ, ఆరుమూడు కావలెను గదా, ఆరుమూరు ఎట్లైనది?" అని యడిగెను. జవాబు తోపక, "ఊరక కూర్చుండుము" అని గద్దించితిని. ఆ గద్దింపు నన్ను చాలకాలము బాధించినది.

కన్నడమున మూడును "మూరు" అందురని పిదప తెలిసికొంటిని. మన జిల్లాలోని బోధను రాష్ట్రకూటుల యేలుబడిలో నుండెను. 973లో రాజ్యమునకు వచ్చిన కల్యాణి చాళుక్యులు పిదప ఈ సీమ నేలిరి. ఈ యిరుతెగల వారి శాసనములు పెక్కు కన్నడమున గలవు. కావున మూరు అను మాట ఈ నేలకు క్రొత్త కాదు. ఇంతమాత్రముచే ఊరిపేరు తొమ్మండుగురి వలననే వచ్చెనని ఋజువగునని నేననను. ఊరిపేళ్లకు పిదప కథలల్లుట లోకమున కలదు. కాని ఆరుమూరన్నవాడు లెక్క తప్పినవాడు మాత్రము కాడు.

మొన్న గుట్టమీద ఆ నాటి బాలుడు మనుమరాలిని వెంటబెట్టుకొని కనబడెను. మూరు సంగతి చెప్పితిని. "ఇన్నాళ్లకు కూర్చున్నవాడను లేవవచ్చునా, పంతులుగారూ?" అని నవ్వెను.